అరచేతిలో అచ్చంగా మీరే!

స్టూడియోకి వెళ్లి ఫొటో దిగితే కాగితం మీద ఫొటో ఇస్తారు. ఇప్పుడు కొన్ని స్టూడియోలు ఏకంగా బొమ్మనే చేతిలో పెడుతున్నాయి. అదే ముక్కు, అదే పుట్టుమచ్చ, ఆ రోజు కట్టుకున్న అదే చీర, అంతా జానెడు ఎత్తులో. త్రీడీ ప్రింటర్లు వచ్చాక మొదలైన సరదా అనుకుంటాం కానీ ఈ వ్యాపారం మొదలై నూట అరవై ఏళ్లు దాటింది. అప్పుడెందుకు మూతపడిందో, ఇప్పుడు దేన్ని పట్టుకుని నిలబడుతోందో చెప్పే విశేషాలు చాలానే ఉన్నాయి.

గోడ వెనక 24 కెమెరాలు

ఫ్రాన్స్వా విలెమ్ అనే ఫ్రెంచి శిల్పికి 1859లో ఒక ఉపాయం తట్టింది. గుండ్రటి గది, మధ్యలో చిన్న వేదిక. మనిషి దాని మీద కదలకుండా నిలబడితే చాలు, చుట్టూ గోడల వెనక దాచిన 24 కెమెరాలు ఒకేసారి ఫొటో తీస్తాయి. పదిహేను డిగ్రీలకొక కెమెరా చొప్పున 360 డిగ్రీలూ సరిపోయాయి. ఆ ఫొటోలను ఒక్కొక్కటిగా మేజిక్ లాంతరుతో తెర మీద పెద్దగా వేసేవారు. కీళ్లతో కదిలే పాంటోగ్రాఫ్ అనే పరికరం ఒక కొనతో తెర మీది అంచు వెంట నడుస్తుంటే, రెండో కొనకున్న కత్తి బంకమట్టి ముద్దలో అదే గీత కోసేది. ముద్దను పదిహేను డిగ్రీలు తిప్పి రెండో ఫొటో, మళ్లీ తిప్పి మూడోది... ఇరవై నాలుగూ పూర్తయ్యేసరికి మట్టిలోంచి మనిషి బయటపడేవాడు. విలెమ్ దీనికి ‘ఫొటోస్కల్ప్చర్’ అని పేరు పెట్టి 1860లో పేటెంట్ తీసుకున్నాడు. 1863లో పారిస్‌లో దర్జాగా స్టూడియో తెరిచాడు. స్పెయిన్ రాజకుటుంబం కూడా ఆయన దగ్గర బొమ్మలు చేయించుకుంది.

చిక్కల్లా కత్తి ఆగిన తర్వాత మొదలయ్యేది. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య మిగిలిన గరుకు తీసెయ్యాలి, రెప్పలూ పెదవులూ దిద్దాలి. అవి చెయ్యడానికి మళ్లీ చెయ్యి తిరిగిన పనివాళ్లే కావాలి. శిల్పి శ్రమ తగ్గించడానికి పెట్టిన కార్ఖానా, శిల్పుల కూలి కట్టలేక కుంగిపోయింది. 1860ల చివరికల్లా తలుపులు మూసేశారు.

అదే పారిస్‌లో అదే రోజుల్లో డిస్డేరి అనే మరో ఫొటోగ్రాఫర్ సరిగ్గా ఎదురుదారి పట్టాడు. ఒకే ప్లేటు మీద ఎనిమిది చిన్న ఫొటోలు తీసి, విజిటింగ్ కార్డు సైజు అట్టల మీద అంటించి చవగ్గా అమ్మే పద్ధతికి 1854లో పేటెంట్ తీసుకున్నాడు. యూరప్ అంతా ఎగబడి కొంది. ఖరీదైన బొమ్మకి అసలైన పోటీ ఇంకో ఖరీదైన బొమ్మ కాదు, జేబులో పట్టే చవక ఫొటో. అప్పుడు అట్టముక్క, ఇప్పుడు సెల్‌ఫోన్.

చర్చి గోడ మీంచి జారబోయిన ఇంజినీరు

ఫొటోల నుంచి కొలతలు తీసే విద్యను ఫొటోగ్రామెట్రీ అంటారు. నేటి బొమ్మల స్టూడియోలకు అదే ఆధారం. దాని పుట్టుక వెనక ఒక గండం ఉంది. ఆల్బ్రెక్ట్ మైడెన్‌బావర్ అనే జర్మన్ 1858లో వెట్స్‌లార్ పట్టణంలోని పెద్ద చర్చిని కొలుస్తూ పైనుంచి పడబోయి త్రుటిలో తప్పించుకున్నాడు. ప్రాణాలకు తెగించి గోడలెక్కే బదులు ఫొటోలు తీసి వాటి మీదే కొలుచుకోవచ్చు కదా అనుకున్నాడు. ఫొటోగ్రామెట్రీ అనే పేరు 1867 నుంచి వాడుకలో ఉంది.

ఇప్పటి పెద్ద స్టూడియోల్లో వంద దాకా కెమెరాలు గుండ్రంగా బిగించి ఉంటాయి. అన్నీ రెప్పపాటులో ఒకేసారి క్లిక్‌మంటాయి కాబట్టి చిన్నపిల్లాడు గాల్లోకి ఎగిరినా దొరికిపోతాడు. ఒకే కెమెరా పట్టుకుని మనిషి చుట్టూ తిరుగుతూ తీసే చిన్న స్టూడియోలూ ఉన్నాయి. అక్కడ మాత్రం కొన్ని నిమిషాలు ఊపిరి బిగబట్టి నిలబడాల్సిందే, పిల్లల ఆర్డరు తీసుకోవడం కష్టం. ప్రతి ఫొటో పక్క ఫొటోతో సగానికి పైగా కలిసేలా తీస్తే, ఒకే మచ్చ, ఒకే గుండీ, ఒకే పువ్వు ఎన్ని ఫొటోల్లో ఎక్కడెక్కడ ఉందో సాఫ్ట్‌వేర్ పోల్చి చూసి ఆకారం కడుతుంది.

‘ద మేట్రిక్స్’ (1999)లో హీరో బుల్లెట్లు తప్పించుకుంటుంటే కెమెరా అతని చుట్టూ తిరిగినట్టు కనిపించే సీను గుర్తుందా? అక్కడ కెమెరా తిరగలేదు. వరసగా పేర్చిన నూటికి పైగా స్టిల్ కెమెరాలతో తీశారు. విలెమ్ గదికి అది సినిమా మనవడు.

మంచి ఫొటోగ్రాఫర్ మర్చిపోవాల్సిన పాఠం

పోర్ట్రెయిట్ తీసేవాళ్లు ఒక చెంప మీద వెలుగు, ఇంకో చెంప మీద నీడ పడేలా లైట్లు సర్దుకుంటారు. ముఖానికి అందం వచ్చేది అక్కడే. బొమ్మ దగ్గర ఆ విద్య బెడిసికొడుతుంది. ఫొటోలో ముక్కు కింద పడ్డ నీడ బొమ్మ చర్మం మీద రంగై అచ్చవుతుంది. తర్వాత ఆ బొమ్మను ఏ దీపం కింద పెట్టినా పెదవి మీద మాసిన మరక కనిపిస్తుంది, ఆడపిల్ల బొమ్మకైతే మీసమే. అందుకే అన్ని వైపుల నుంచీ నీడలేని చప్పటి వెలుగు పరుస్తారు. లైటింగ్‌లో పేరున్నవాళ్లకి మొదటి నెల ఈ పని చప్పగానే ఉంటుంది.

పొడిలోంచి తవ్వి తీస్తారు

రంగుల బొమ్మల వ్యాపారాన్ని నిలబెట్టిన యంత్రాల్లో ముఖ్యమైనది జిప్సం లాంటి పొడితో పనిచేసేది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టిన పద్ధతి ఇది, 1993లో పేటెంట్ వచ్చింది. తర్వాత జెడ్ కార్పొరేషన్ దీన్ని రంగుల్లోకి తెచ్చింది. మిల్లీమీటరులో పదోవంతు మందాన పొడి పరుస్తారు. ఇంక్‌జెట్ ప్రింటరు లాంటి తల దాని మీద జిగురునూ రంగునూ చిమ్ముతుంది. దాని మీద ఇంకో పొర, మళ్లీ చిమ్మడం. పదిహేను సెంటీమీటర్ల బొమ్మను నిలువునా అచ్చువేస్తే పదిహేను వందల పొరలు. చివరికి పెట్టె నిండా పొడి తప్ప ఏమీ కనిపించదు. కుంచెతో పక్కకి నెడుతూ, గాలి ఊదుతూ తవ్వుకుంటూ పోతే ముందు తల పైభాగం, తర్వాత భుజం బయటపడతాయి. అప్పుడు చూస్తే బొమ్మ సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటుంది. చేత్తో గట్టిగా పట్టుకుంటే వేలు విరుగుతుంది. సూపర్ గ్లూ జాతికి చెందిన పల్చటి జిగురులో ముంచి తీయగానే చీర ఎరుపు, పువ్వుల పసుపు ఒక్కసారిగా పైకి లేస్తాయి, ఒళ్లు గట్టిపడుతుంది. కస్టమర్ని పిలిచి ఈ ఒక్క ఘట్టం చూపిస్తే ఆ తర్వాత ధర గురించి పెద్దగా మాట్లాడరు.

ప్లాస్టిక్ రెజిన్‌తో రంగుల్లో అచ్చువేసే యంత్రాలు తర్వాత వచ్చాయి. 2017లో జపాన్ కంపెనీ మిమాకి తెచ్చిన యంత్రం కోటికి పైగా రంగులు చూపగలదని ప్రకటించుకుంది. మన చామనచాయలో ఇంటికొక ఛాయ ఉంటుంది కదా, ఆ తేడాలు పట్టుకోవడంలో పొడి యంత్రాలు కొంచెం తడబడతాయి. నిజానికి ఫొటో పరిశ్రమది పాత జబ్బే ఇది. కొడాక్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి దశాబ్దాల పాటు వాడిన ‘షర్లీ కార్డు’ మీద ఉన్నది తెల్లజాతి యువతి ముఖం.

ఎత్తు రెట్టింపు, సరుకు ఎనిమిది రెట్లు

“పది సెంటీమీటర్ల బొమ్మ ఇంతైతే ఇరవైది దానికి రెట్టింపేగా?” అని ప్రతి బేరంలోనూ అడుగుతారు. ఎత్తు రెట్టింపైతే వెడల్పూ మందమూ కూడా రెట్టింపవుతాయి. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. పట్టే సరుకు ఎనిమిది రెట్లు. అందుకే పెద్ద బొమ్మలను లోపల బోలుగా అచ్చువేసి, అరికాలి కింద చిన్న చిల్లు పెట్టి, మిగిలిన పొడిని దులిపేస్తారు. మీ ఇంట్లో ఇలాంటి బొమ్మ ఉంటే తిరగేసి చూడండి.

చీర కట్టుకుంటే బొమ్మ నిలబడుతుంది

ఇది మాటవరసకి అన్నది కాదు. అయిదడుగుల ఏడంగుళాల మనిషిని పదోవంతుకు కుదిస్తే పదిహేడు సెంటీమీటర్ల బొమ్మ వస్తుంది. ఒకటిన్నర సెంటీమీటరు లావున్న వేలు ఒకటిన్నర మిల్లీమీటరు పుల్లవుతుంది. హైహీల్స్ చెప్పు మడమ సంగతి చెప్పక్కర్లేదు. సన్నటి ప్యాంటు వేసుకుని ఒంటికాలి మీద పోజు కొట్టినవాడి బొమ్మ కొరియర్‌లోనే చీలమండ దగ్గర విరుగుతుంది. అదే కుచ్చిళ్లు పోసి కట్టిన చీరైతే కిందదాకా ఒకే ముద్దగా దిగి బొమ్మకి వెడల్పాటి పునాది ఇస్తుంది. పంచె కూడా అంతే. పెళ్లిబట్టల్లో ఉన్న తెలుగు జంట ఈ యంత్రానికి దాదాపు కొలిచి చేసినట్టే ఉంటుంది.

అయితే తంటా నగలతో. వడ్డాణం పర్వాలేదు. ముక్కుపుడక మాయమవుతుంది, నల్లపూసలు చర్మం మీద గీసిన గీతలా మిగులుతాయి. మెరిసే జరీ ఒక్కో కెమెరాకి ఒక్కో వెలుగులో కనబడి సాఫ్ట్‌వేర్ బుర్ర తింటుంది. కళ్లద్దాలు మరీ కష్టం. గాజు కెమెరాకి చిక్కదు, వెనకున్న కన్ను వంకరపోతుంది. అందుకని అద్దాలు తీయించి ఫొటో తీసి, ఫ్రేమును కంప్యూటర్‌లో విడిగా చేసి తగిలిస్తారు. మల్లెపూల చెండు బాగా వస్తుంది. గాలికి ఎగిరే జుట్టు రాదు, నూనె రాసి నున్నగా వేసిన జడ వస్తుంది. అమ్మమ్మలు సంతోషించే సంగతి.

హరజుకులో చిన్న దుకాణం

2012 నవంబరులో టోక్యో హరజుకు ప్రాంతంలో ‘ఒమొతె త్రీడీ షషిన్‌కన్’ అనే తాత్కాలిక స్టూడియో తెరిచారు. పది సెంటీమీటర్ల బొమ్మ 21 వేల యెన్లు, పదిహేనుకి 32 వేలు, ఇరవైకి 42 వేలు. అప్పటి మారకంలో ఆఖరిది సుమారు 500 డాలర్లు. చేతి స్కానరుతో తీసేవాళ్లు కాబట్టి పావుగంట దాకా కదలకుండా నిలబడాలి. దుకాణం ఉన్నది రెండు నెలల లోపే, పేరు మాత్రం ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది టోక్యోలోనే ఇంకో కంపెనీ లక్ష యెన్లకు గర్భంలో ఉన్న పాపాయి బొమ్మ చేసివ్వడం మొదలుపెట్టింది. ఎం.ఆర్.ఐ. స్కాన్ చూసి పాపను తెల్లటి రెజిన్‌లో, అమ్మ పొట్టను పారదర్శకంగా అచ్చువేసేవారు.

మరుసటి ఏడాది బ్రిటన్‌లో ఆజ్డా సూపర్‌మార్కెట్ యార్క్ దుకాణంలో, కూరగాయలు కొనడానికి వచ్చినవాళ్లని స్కాన్ చేసి 40 పౌండ్లకే బొమ్మలిచ్చింది. 2022లో బొమ్మల కంపెనీ హాస్బ్రో ఇంకో అడుగు ముందుకేసి, ఫోన్‌తో ముఖం స్కాన్ చేసి పంపితే మీ తలతో సూపర్‌హీరో బొమ్మను 60 డాలర్లకు ఇంటికి పంపుతామంది.

ఇంత చవగ్గా దొరుకుతుంటే ఖరీదైన స్టూడియోకి ఎవరు వెళ్తారు? నా మటుకు నాకు తోచేది ఇది: ‘మీ బొమ్మ మీకే’ అనే వింత ఒక్కసారే అమ్ముడుపోతుంది. టీవీ పక్కన ఒకటి పెట్టుకున్నాక రెండోది ఎవరూ కొనరు. సందర్భం అలా కాదు, వస్తూనే ఉంటుంది. మొదటి పుట్టినరోజు, ఓణీల ఫంక్షన్, పెళ్లి, షష్టిపూర్తి. పిల్లాడి ఎత్తు మళ్లీ రాదు, పెళ్లిచీర మళ్లీ అలా కట్టుకోరు. అమెరికాలో ఉన్న మనవడి బొమ్మను తెనాలిలో నాన్నమ్మ చేతిలో పెట్టేటప్పుడు బొమ్మ ఎన్ని సెంటీమీటర్లని ఎవరూ అడగరు. పెళ్లి ఆల్బమ్ ప్యాకేజీలో చివరి పేజీ దాటాక ‘బొమ్మ కూడా’ అని ఒక్క వరస చేర్చిన స్టూడియో, విడిగా బొమ్మల దుకాణం పెట్టినవాడి కంటే సుఖంగా ఉంటుంది.

మధ్యదానికే మొగ్గు

అమెరికన్ పరిశోధకులు ఇటమార్ సైమన్సన్, అమోస్ ట్వెర్‌స్కీ 1992లో ఒక ప్రయోగం ప్రచురించారు. విచిత్రంగా వాళ్లు వాడిన సరుకు కెమెరాలే. దాదాపు 170 డాలర్ల మినోల్టా, 240 డాలర్ల మినోల్టా చూపిస్తే జనం సగం సగంగా చీలిపోయారు. 470 డాలర్ల మూడోదాన్ని పక్కన పెట్టగానే మధ్యదాన్ని కోరుకున్నవాళ్లు 57 శాతం అయ్యారు. బొమ్మల స్టూడియోల్లో మూడు సైజులు ఎందుకు పెడతారో, అన్నిటికంటే పెద్దది షోకేసులో ఎందుకుంటుందో తెలిసిందిగా.

షోకేసుకి తాళం మాత్రం వెయ్యకూడదు. వస్తువును చేత్తో తాకితేనే ‘నాది’ అన్న భావం పెరుగుతుందని, దానికి ఎక్కువ విలువ కడతారని జోఆన్ పెక్, సుజాన్ షు అనే పరిశోధకులు 2009లో చూపించారు. శాంపిల్ బొమ్మ వేలు విరిగినా ఫర్వాలేదు, చేతికివ్వాలి.

“ఇది నేను కాదు!”

బొమ్మ చూసిన భర్త ‘నాలా లేదు’ అంటాడు, పక్కనున్న భార్య ‘అచ్చుగుద్దినట్టుంది’ అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మనకు మన ముఖం అద్దంలో అలవాటు, అంటే కుడి ఎడమలు తారుమారై. లోకానికి అసలు ముఖం అలవాటు. మనుషులు తమ ఫొటోల్లో అద్దం ప్రతిబింబాన్ని ఇష్టపడతారనీ, వాళ్ల స్నేహితులు సరైన ఫొటోనే మెచ్చుకుంటారనీ 1977లోనే ఒక అధ్యయనం తేల్చింది. పైగా ఎవరూ తమ వీపునూ, నడినెత్తినీ తీరిగ్గా చూసుకుని ఉండరు. పల్చబడ్డ జుట్టు సంగతి బొమ్మ వచ్చాకే తెలిసినవాళ్లున్నారు. అచ్చుకి పంపేముందు కంప్యూటర్ తెర మీద బొమ్మను చుట్టూ తిప్పి చూపించి ‘సరే’ అనిపించుకోవడం అందుకే, ఆ ‘సరే’ ఇంట్లోవాళ్ల ముందు అనిపిస్తే ఇంకా క్షేమం.

పోయినవాళ్ల బొమ్మలు చేయించమని వచ్చే ఆర్డర్లు అన్నిటికంటే బరువైనవి. స్కాన్ చెయ్యడానికి మనిషి లేడు. ఉన్న నాలుగు ఫొటోలు పెట్టుకుని శిల్పి కంప్యూటర్‌లో ముఖం మలచాలి. నాన్న నవ్వు ఎలా ఉండేదో అన్నదమ్ములకే ఒక మాట కుదరదు. 2020లో కర్ణాటకలోని కొప్పళ్‌లో ఒకాయన, ప్రమాదంలో పోయిన భార్య నిలువెత్తు సిలికాన్ బొమ్మ చేయించి గృహప్రవేశంలో కూర్చోబెట్టినప్పుడు ఆ ఫొటోలు దేశదేశాలు తిరిగాయి. దండ వేసిన ఫ్రేముతో సరిపెట్టుకోలేని మనసు మనకు కొత్తదేం కాదు. ఇలాంటి ఆర్డరుకి రేటు ఎక్కువే అడగాలి, గడువు మాత్రం బిగించకూడదు.

సికింద్రాబాద్‌లో అప్పుడే చూపించారు

ఖరీదైన ఫొటో అమ్మడమెలాగో తెలుసుకోవడానికి టోక్యో వెళ్లనక్కర్లేదు. 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. ముసవ్విర్ జంగ్ బిరుదు, 1897లో విక్టోరియా రాణి గుర్తింపు కూడా పొందారు. ఆయన చేసిన తెలివైన పని 1892 నాటిది. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో విడిగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లిషు మహిళ చేతిలో పెట్టారు. మగవాళ్లకి ప్రవేశం లేదు. అప్పటిదాకా ఫొటోయే దిగని కస్టమర్లు అలా దొరికారు. చుట్టూ నూరు కెమెరాల మధ్య, తల నుంచి కాలిదాకా కొలిపించుకోవడం ఈ రోజుకీ ఆడవాళ్లందరికీ సౌకర్యంగా ఉండే పని కాదు. స్కానింగ్ గదిలో మహిళా సిబ్బంది ఉన్నారని బోర్డు మీద రాసిన స్టూడియోకి ఆ రాతే ఖర్చులేని ప్రకటన.

కొండపల్లిలో తెల్లపొణికి చెక్క బొమ్మకి చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ‘మక్కు’తో అతికిస్తారు. త్రీడీ స్టూడియోవాళ్లు కూడా పొడుగాటి చెయ్యి, కర్ర, గొడుగు విడిగా అచ్చువేసి అతికించుకుంటారు. కొండపల్లి పెళ్లికూతురిది ఎవరి ముఖమూ కాదు కాబట్టే ఇంటింటికీ సరిపోతుంది. త్రీడీ బొమ్మ ఒక్క ఇంటికే సరిపోతుంది. ధరలో తేడా అంతా అదే.

దలేర్ మెహెందీ బొమ్మ పాట పాడితే

సినిమా హీరో బొమ్మలు నాలుగు చేసి అమ్ముకుందామనుకునే స్టూడియోలు ఈ కేసు తెలుసుకోవాలి. పంజాబీ గాయకుడు దలేర్ మెహెందీని పోలిన బొమ్మలు ఆయన పాట పాడుతూ బజార్లోకి వస్తే వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2010లో కోర్టు ఆ అమ్మకాలు ఆపేసి లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ముఖం ఎవరిదో, దాని మీద వ్యాపారం చేసే హక్కూ వాళ్లదే.

మామూలు కస్టమర్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. ఆ జాబితాలో ఫొటో ఉంది, చిత్రపటం ఉంది, సినిమా ఉంది. శిల్పం పేరు లేదు. మరి ఫొటోల నుంచి పుట్టిన బొమ్మ ఎవరిది? ఆర్డరు ఫారం మీదే రాసుకోవడం మేలు. పెళ్లికూతురి బొమ్మను స్టూడియో తన షోకేసులో పెట్టుకోవచ్చా లేదా అన్నది కూడా.

ఒప్పుకుని బొమ్మ చేయించుకున్న ప్రముఖుల సంగతి వేరు. 2014లో ఒబామాను వైట్‌హౌస్‌లోనే లైట్ల చట్రం మధ్య కూర్చోబెట్టి స్మిత్సోనియన్ సంస్థ బృందం స్కాన్ చేసి విగ్రహం అచ్చువేసింది. స్కాన్ నుంచి తయారైన తొలి అమెరికా అధ్యక్షుడి రూపం అదే. మహేష్‌బాబు మైనపు బొమ్మను సింగపూర్‌లోని మేడమ్ టుస్సాడ్స్ మ్యూజియంవాళ్లు 2019 మార్చిలో హైదరాబాద్‌కే పట్టుకొచ్చి ఆవిష్కరించారు. బొమ్మ దగ్గరికి జనాన్ని పిలవడం కన్నా, జనం దగ్గరికి బొమ్మను తేవడం మంచి ప్రచారమని వాళ్లకి తెలుసు.

అదే టుస్సాడ్స్ రామ్‌చరణ్ బొమ్మతో పాటు ఆయన కుక్క రైమ్ బొమ్మనూ చేసింది. అంతకుముందు అక్కడ పెంపుడు కుక్కతో కనిపించింది ఎలిజబెత్ రాణి మాత్రమే. పెంపుడు జంతువుల బొమ్మలకి గిరాకీ ఎక్కువే. వాటిని ‘కదలకు’ అనలేం కాబట్టి అన్ని కెమెరాలూ ఒకేసారి క్లిక్‌మనే స్టూడియోలోనే కుదురుతుంది. తెలుపు, గోధుమ మచ్చలున్న కుక్క చక్కగా వస్తుంది. నల్లటి బొచ్చులో పోల్చుకోవడానికి గుర్తులేవీ దొరకవు. నల్ల లాబ్రడార్ ఉన్నవాళ్లు అడ్వాన్స్ కట్టేముందు ఫోన్ చేసి అడిగి వెళ్లండి.